తీర్చలేని తాకట్టు అప్పు – విశ్వాసి నడవవలసిన బాట

సకల స్తోత్రాలు సర్వలోకాల పోషకుడైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు వర్షించుగాక!

 

ఈ జుమా నాడు మనం తలపెట్టిన విషయం మింబరుపై నుంచి తరచుగా వినబడేది కాదు. నమాజు గురించి, రోజా గురించి, తల్లిదండ్రుల హక్కుల గురించి మేము ఎన్నోసార్లు విన్నవించాము. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పును కట్టలేని స్థితి గురించి మాత్రం మనం తలుపులు మూసుకొని, పిల్లలు నిద్రపోయాక మాట్లాడుకుంటాం. కాని నమాజు ముగిసి సఫ్‌లు విడిపోయిన తరువాత మా వద్ద ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి కొందరు చెప్పుకొనేది ఈ బాధే. “హజ్రత్, దుఆ చేయండి, ఇల్లు పోయేలా ఉంది” అంటారు. దుఆ తప్పక చేస్తాము. అయితే దుఆతో పాటు దారి కూడా చూపడం విద్వాంసులపై ఉన్న బాధ్యత. అందుకే నేడు ఈ విషయాన్ని ధర్మం ఏమంటున్నది, దేశ చట్టం ఏమిస్తున్నది, జమాఅత్ ఏమి చేయాలి అనే మూడు వైపుల నుంచి పరిశీలిద్దాం.

మన డెల్టా, మన అప్పులు

సోదరులారా! ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. నాటి నుంచి ఈ డెల్టా పచ్చబడింది. పచ్చదనంతో పాటు అప్పు కూడా పెరిగింది. ఎందుకంటే పండే భూమిని చూసే అప్పిచ్చేవాడు ముందుకు వస్తాడు. 1929 తరువాత ప్రపంచమంతా మాంద్యం కమ్ముకొని ధాన్యం ధర పడిపోయినప్పుడు మన తాతల నాటి రైతులు భూములు తాకట్టు పెట్టి వడ్డీల కింద నలిగిపోయారు. ఆ కష్టం ఎంత తీవ్రమైనదంటే, 1938లో మద్రాసు ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టాన్ని చేయవలసివచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. అసలుకు రెట్టింపు మొత్తం అప్పటికే చెల్లించి ఉంటే అప్పు తీరినట్లే భావించాలని చట్టం నిర్ణయించింది. వడ్డీ మీద వడ్డీ మనిషిని మింగివేస్తుందని ప్రభుత్వాలు గ్రహించడానికి అంత కాలం పట్టింది. దివ్య ఖుర్ఆన్ ఆ సత్యాన్ని పదమూడు శతాబ్దాలకు ముందే ప్రకటించింది. రెట్టింపుల మీద రెట్టింపులుగా పెరిగే వడ్డీని ఆలి ఇమ్రాన్ సూరా 130వ ఆయత్ వారించింది. అసలు మాత్రమే మీది, మీరు అన్యాయం చేయరాదు, మీకు అన్యాయం జరగరాదు అన్న న్యాయాన్ని అల్ బఖర సూరా 279వ ఆయత్ స్థాపించింది.

నేటి పరిస్థితి చూడండి. రాజోలు, అమలాపురం, నరసాపురం వైపు ఎన్నో ఇళ్ళు గల్ఫ్ చెమటతో లేచాయి. కువైట్‌లోనో దుబాయిలోనో ఉన్న కొడుకు పంపే సొమ్మును నమ్ముకొని బ్యాంకు లోను తీసుకుంటాం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించినప్పుడు, 2020లో కరోనా విమానాలను ఆపివేసినప్పుడు ఆ సొమ్ము ఒక్కసారిగా ఆగిపోవడం మనం చూశాం. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. 2025లో అమెరికా మన సరుకుపై సుంకాలను పెంచినప్పుడు రొయ్యల చెరువులను నమ్ముకున్న కుటుంబాల గుండె ఆగినంత పనయింది. ఇవేవీ అప్పు తీసుకున్నవాడు చేసిన నేరాలు కావు. కనుక అప్పుల పాలైన ప్రతివాడినీ దుబారా మనిషిగా, బాధ్యత లేనివాడిగా ముద్ర వేయడం తగదు. ఆ మాట ముందుగా మన నాలుకలకు చెప్పుకుందాం.

లెక్క తెలియక నలిగిపోతున్నవారు కూడా ఉన్నారు. ఒక ఉదాహరణ చెబుతాము. ఇరవై లక్షలు, ఇరవై సంవత్సరాల గడువు, తొమ్మిది శాతం వడ్డీ. నెల వాయిదా సుమారు 17,995 రూపాయలు. మొదటి నెల కట్టిన సొమ్ములో 15,000 వడ్డీకే పోతుంది. అసలుకు జమయ్యేది మూడు వేలు కూడా కాదు. ఐదేళ్ళపాటు క్రమం తప్పకుండా కట్టి, పది లక్షల డెబ్బై తొమ్మిది వేలు చెల్లించిన తరువాత కూడా ఇంకా సుమారు పదిహేడు లక్షల డెబ్బై నాలుగు వేలు బాకీ ఉంటుంది. మొత్తం గడువు ముగిసేసరికి ఇరవై లక్షలకు నలభై మూడు లక్షలకు పైగా కడతాం. మరొక మాట. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 శాతం నుంచి 6.50 శాతానికి పెరిగింది. ఆరున్నర శాతానికి తీసుకున్న ఇరవై లక్షల లోనుపై వాయిదా సుమారు 14,911. అదే లోను తొమ్మిది శాతానికి చేరితే నెల వడ్డీ ఒక్కటే పదిహేను వేలకు దగ్గరవుతుంది. పాత వాయిదానే కడుతూ పోయినవాడి అసలు దాదాపు కదలదు. “కడుతూనే ఉన్నాం, అప్పు తగ్గడం లేదు” అని వాపోయే సోదరుడు అబద్ధమాడడం లేదు. వడ్డీ స్వభావమే అది.

అప్పు బరువు, అప్పులవాడి గౌరవం

సోదరులారా! ఇస్లాం అప్పును తేలికగా తీసుకోలేదు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అల్ బఖర సూరా 282వది. అది అప్పును వ్రాతలో పెట్టుకోవడం, సాక్షులను నిలుపుకోవడం గురించే. సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనం ప్రకారం ఒక జనాజా తేబడినప్పుడు మృతునికి అప్పు ఉన్నదా అని ప్రవక్త (స) విచారించారు. మూడు దీనార్లు ఉన్నాయని, తీర్చడానికి ఏమీ మిగల్చలేదని చెప్పగా, మీ సహచరునికి మీరే నమాజు చేయండన్నారు. అప్పుడు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన బాధ్యత అని ప్రకటించారు. అటుపిమ్మట ప్రవక్త (స) నమాజు చేయించారు. అప్పు ఎంత బరువైనదో ఈ సంఘటనలో కనిపిస్తుంది. ఆ బరువును మోయడానికి ఒక సోదరుడు ముందుకు రావడమూ ఇందులోనే కనిపిస్తుంది.

ప్రవక్త (స) తమ నమాజులో అప్పు భారం నుంచి అల్లాహ్ శరణు కోరేవారు. అంతగా ఎందుకని అడిగినప్పుడు, అప్పులో పడిన మనిషి మాట్లాడితే అబద్ధమాడుతాడు, మాట ఇస్తే తప్పుతాడు అని కారణం చెప్పారు. ఎంత లోతైన పరిశీలన! అప్పు ముందుగా మన ఇంటిని తీసుకోదు. మన సత్యాన్ని తీసుకుంటుంది. బ్యాంకు ఫోను వస్తే “ఊళ్ళో లేను” అంటాం. భార్య అడిగితే “కట్టేశాను” అంటాం. కొడుక్కి “ఏమీ లేదులే” అంటాం. ఇల్లు పోవడానికి ఎంతో ముందే ఇంట్లో నమ్మకం పోతుంది.

అయితే అప్పులవాడిని ఇస్లాం తృణీకరించలేదు. ప్రవక్త (స) పరమపదించిన నాటికి వారి కవచం ఒక యూదుని వద్ద ముప్పై సాల బార్లీకి తాకట్టులో ఉన్నదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. కుటుంబ పోషణ కోసం, వడ్డీ లేకుండా పెట్టిన తాకట్టు అది. తాకట్టు పెట్టడమే అవమానమైతే ఆ మహనీయులు ఆ పని చేసేవారా? సహీహ్ ముస్లింలో మరొక సంఘటన ఉంది. ఒక వ్యక్తి కొన్న పండ్ల తోట దెబ్బతిని అప్పుల్లో కూరుకుపోయాడు. ప్రవక్త (స) అతనికి దానమివ్వమని ప్రజలను కోరారు. ప్రజలు ఇచ్చారు. అయినా అప్పు తీరలేదు. అప్పుడు ఉన్నది తీసుకోండి, అంతకు మించి మీకు లేదు అని అప్పిచ్చినవారితో చెప్పారు. పంట దెబ్బతిన్న మనిషి కథ ఇది. మన కొబ్బరి రైతు, మన రొయ్యల రైతు ఇందులో తమను తాము చూసుకోవచ్చు.

వడ్డీ పాపమైతే అప్పు ఎగవేయవచ్చా?

కొందరు యువకులు ఒక ప్రశ్న అడుగుతారు. “బ్యాంకు వడ్డీ హరామే కదా! హరామ్ ఒప్పందాన్ని ఎందుకు పాటించాలి? కట్టడం మానేస్తే ఏమి?” అని.

వడ్డీ ఇవ్వడం, తీసుకోవడం రెండూ ఘోర పాపాలే. అందులో సందేహం లేదు. గత్యంతరం లేని గృహావసరం విషయంలో వర్తమాన విద్వాంసుల మధ్య ఉన్న చర్చలు వేరు. ఎవరి పరిస్థితి ఏమిటన్నది నమ్మకస్తుడైన ముఫ్తీని ప్రత్యేకంగా అడగవలసిన విషయం. కాని అసలు మాత్రం నిస్సందేహంగా మనపై ఉన్న హక్కు. బ్యాంకులో ఉన్నది ఎవరి సొమ్ము? పింఛను దాచుకున్న ఉపాధ్యాయునిది, కూతురి పెళ్ళికి కూడబెట్టిన కూలీది. వడ్డీ పాపమన్న సాకుతో అసలు కూడా ఎగవేయడం ఒక పాపానికి మరొక పాపాన్ని చేర్చడమే అవుతుంది. తిరిగి ఇవ్వాలన్న సంకల్పంతో ప్రజల సొమ్ము తీసుకున్నవాని తరఫున అల్లాహ్ చెల్లిస్తాడని, నాశనం చేసే ఉద్దేశంతో తీసుకున్నవాడిని అల్లాహ్ నాశనం చేస్తాడని బుఖారీలో ఉంది. కనుక తౌబా అంటే పారిపోవడం కాదు. పశ్చాత్తాపంతో ఆ వడ్డీ ఒప్పందం నుంచి వీలైనంత త్వరగా, నిజాయితీగా బయటపడడం. చేతికి కాస్త సొమ్ము అందితే అసలుకు ముందస్తుగా జమ చేయాలి. మారే వడ్డీరేటుపై వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీర్చివేస్తే జరిమానా వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు నియమమున్నది. ఈ నియమం వడ్డీ నుంచి త్వరగా బయటపడగోరే విశ్వాసికి తెరిచి ఉన్న తలుపు.

కట్టలేనని తెలిసిన నాడు

గోదావరి గట్టు మీద పెరిగినవారికి ఒక సంగతి తెలుసు. ఏటిగట్టుకు బుంగ పడిన రాత్రే ఎవరో ఒకరు చూసి కేక వేస్తే నాలుగు ఇసుక బస్తాలతో పూడ్చవచ్చు. చూసినవాడు ఎందుకులే అని ఇంటికి పోతే తెల్లవారేసరికి గండి పడుతుంది. 1986 ఆగస్టు వరదను చూసిన పెద్దలకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. అప్పు కూడా అంతే. మొదటి వాయిదా తప్పిన నెలలోనే కేక వేయాలి.

మొదటిది, ఇంట్లో నిజం చెప్పండి. భార్యకు, ఎదిగిన పిల్లలకు, అన్నదమ్ములకు లెక్క ముందు పెట్టండి. రాబడి ఎంత, ఖర్చు ఎంత, ఎవరికి ఎంత బాకీ అన్నది ఒక కాగితంపై వ్రాయండి. అప్పును వ్రాయమన్న దైవాజ్ఞ అప్పిచ్చేవాడికే కాదు, మనకూ మేలు చేస్తుంది.

రెండవది, బ్యాంకుకు మీరే వెళ్ళండి. వారు మీ గుమ్మానికి వచ్చేదాకా ఆగవద్దు. ఉద్యోగం పోయిన పత్రమో, ఆసుపత్రి కాగితాలో, నష్టం ఆధారాలో పట్టుకొని వెళ్ళి, వ్రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. గడువు పెంచమని, వాయిదా తగ్గించమని, కొన్ని నెలల వెసులుబాటు ఇమ్మని అడగవచ్చు. వడ్డీరేటు మారినప్పుడు వాయిదా పెంచుకోవడమా, గడువు పెంచుకోవడమా అన్న ఎంపిక ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆలస్యానికి వేసే జరిమానాను అసలులో కలిపి దానిపై మళ్ళీ వడ్డీ వేయరాదని కూడా ఆదేశించింది. గడువు పెంచితే నెల భారం తగ్గుతుంది, మొత్తం వడ్డీ మాత్రం పెరుగుతుంది. కనుక దానిని ఊపిరి తీసుకోవడానికి వాడుకోవాలే గాని, అదే పరిష్కారమని నిద్రపోరాదు.

మూడవది, వచ్చిన కవరును విప్పండి. బీరువాలో దాచిన నోటీసు కరిగిపోదు. తొంభై రోజులు బాకీ నిలిచిపోతే ఖాతా మొండి బాకీగా మారుతుంది. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు అరవై రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. ఆ అరవై రోజులలో మీ అభ్యంతరాన్ని వ్రాసి ఇస్తే పదిహేను రోజులలో బ్యాంకు సమాధానం చెప్పవలసిందే. గడువు దాటితే స్వాధీనానికి దిగుతుంది. అప్పుడు కూడా నలభై ఐదు రోజులలోపు డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్ళే హక్కు మీకున్నది. వేలం ప్రకటన వెలువడేలోగా మొత్తం బాకీ, ఖర్చులు చెల్లిస్తే ఇంటిని విడిపించుకోవచ్చు. వేలంలో బాకీకి మించి వచ్చిన సొమ్ము మీదే. నిజంగా సాగులో ఉన్న వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. ఈ రోజుల లెక్క తెలియక, నోటీసు విప్పక, హక్కు ఉండి కూడా పోగొట్టుకున్నవారు ఎందరో!

నాలుగవది, సాయం ఎక్కడున్నదో తెలుసుకోండి. రాజమహేంద్రవరంలోను, ఏలూరులోను జిల్లా న్యాయ సేవాధికార సంస్థలున్నాయి. స్త్రీలకు, తక్కువ ఆదాయం గలవారికి అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా సలహా దొరుకుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ తీర్పే తుది తీర్పు. బ్యాంకు నియమం తప్పిందనిపిస్తే ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేసి, ముప్పై రోజులలో తృప్తికరమైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వసూలు చేసేవారు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తరువాత ఫోను చేయరాదు. బెదిరించరాదు, బంధువుల ముందు అవమానించరాదు. ఒకేసారి కొంత కట్టి మిగిలినది మాఫీ చేయించుకొనే సెటిల్‌మెంటును గౌరవంగా అడగవచ్చు. అయితే అది రుణగ్రహీత హక్కు కాదని 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక దానిపైనే ఆశ పెట్టుకొని కాలం గడపవద్దు.

ఇల్లు అమ్మడం ఓటమి కాదు

ఇప్పుడు అన్నిటికంటే చేదు మాట. లెక్కంతా వేసిన తరువాత, ఎంత తగ్గించినా, ఎంత పొడిగించినా ఈ అప్పు మన రాబడితో తీరదని తేలితే ఏమి చేయాలి? అమ్మాలి. వేలం దాకా రానివ్వకుండా, మన చేతులతో, బ్యాంకుకు తెలిపి, న్యాయమైన ధరకు అమ్మాలి. వేలంలో అవసరం బ్యాంకుది, బేరం కొనేవాడిది. మనం అమ్మినప్పుడు బేరం మన చేతిలో ఉంటుంది. పదిహేడు లక్షల బాకీ ఉన్న ఇల్లు పాతిక లక్షలకు అమ్ముడైతే ఎనిమిది లక్షలు, మాట నిలిచిన గౌరవం చేతిలో మిగులుతాయి. బాకీ పూర్తిగా తీరిన తరువాత ముప్పై రోజులలో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, ఆలస్యానికి రోజుకు ఐదు వేల రూపాయలు బ్యాంకే చెల్లించాలని 2023 డిసెంబరు నుంచి నియమం అమలులో ఉంది.

“ఊళ్ళో తలెత్తుకోలేం” అంటారు. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరైన హజ్రత్ జుబైర్ (రజి) సంగతి వినండి. ప్రజలు తమ సొమ్మును వారి వద్ద దాచుకోవడానికి వస్తే, పోతుందన్న భయంతో దానిని అమానత్‌గా కాక అప్పుగా తీసుకొనేవారు. వారు అమరులైన నాటికి అప్పు ఇరవై రెండు లక్షలు. నగదు లేదు, భూములు, ఇళ్ళు మాత్రమే ఉన్నాయి. కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) ఏమి చేశారు? లక్షా డెబ్బై వేలకు తండ్రి కొన్న గాబా భూమిని పదహారు లక్షలకు అమ్మకానికి పెట్టి అప్పు తీర్చారు. నాలుగు లక్షలు రావలసిన ఒక మిత్రుడు, కావాలంటే మాఫీ చేస్తానన్నా ఒప్పుకోక, భూమిలో ఆయన భాగం ఆయనకు ఇచ్చారు. వారసత్వం పంచమని తోబుట్టువులు అడిగినా, నాలుగేళ్ళపాటు హజ్ సమయంలో “మా తండ్రి ఎవరికైనా బాకీ ఉంటే రండి” అని ప్రకటించిన తరువాతే పంచారు. తండ్రి కొన్న భూమిని అమ్మినందుకు చరిత్ర అబ్దుల్లాహ్‌ను తక్కువ చేయలేదు, తండ్రి మాటను నిలబెట్టిన కుమారునిగా గుర్తుపెట్టుకున్నది. అద్దె ఇంట్లో నిజాయితీగా నిద్రించే మనిషి, సొంత మేడలో ఫోను మోగితే ఉలిక్కిపడే మనిషికంటే వేయిరెట్లు సుఖి.

దూరంగా ఉండవలసిన నాలుగు

మొదటిది, ఒక అప్పు తీర్చడానికి అంతకు మించిన వడ్డీకి మరొక అప్పు చేయడం. ఖాళీ చెక్కులు, ఖాళీ ప్రోనోట్లు వ్రాయించుకొనే కాల్ మనీ వ్యాపారుల గడప తొక్కవద్దు. ఫోనులో నిమిషంలో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోవద్దు. బ్యాంకుకు కనీసం చట్టముంది, వీరికి అదీ లేదు.

రెండవది, భార్య మహర్‌ను, పుట్టింటి బంగారాన్ని ఒత్తిడి చేసి తీసుకోవడం. అది ఆమె ఆస్తి. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తేనే మనకు ధర్మసమ్మతమని అన్ నిసా సూరా నాలుగవ ఆయత్ తెలుపుతున్నది. ఇవ్వనంటే ఆమె దోషి కాదు. ఇస్తే అది మనపై మరొక అప్పు.

మూడవది, బాకీ ఎగవేయడానికి ఆస్తిని దొంగగా బావమరిది పేర వ్రాయడం, తప్పుడు దస్తావేజులు పుట్టించడం. కట్టగలిగి ఉండి ఆలస్యం చేయడాన్నే ప్రవక్త (స) అన్యాయమన్నారు. ఇక మోసం సంగతి ఏమి చెప్పాలి?

నాలుగవది, సోదరులారా, ఇది చెప్పడానికి మా గొంతు బరువెక్కుతున్నది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన. ప్రాణాలు తీసుకోవద్దని, అల్లాహ్ మీపట్ల కరుణామయుడని అన్ నిసా సూరా 29వ ఆయత్ బోధిస్తున్నది. చనిపోతే అప్పు పోదు, భార్యాపిల్లల మెడకు చుట్టుకుంటుంది. ఇల్లు పోతే అల్లాహ్ మరొకటి ఇవ్వగలడు. తండ్రి పోతే ఆ పిల్లలకు ఎవరు తెస్తారు? అలాంటి ఆలోచన వచ్చిన రాత్రి ఒంటరిగా ఉండకండి. ఏ వేళైనా మసీదు తలుపు తట్టండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ సమయంలోనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు. సాయం అడగడం ఈమాన్ బలహీనత కాదు.

ఇచ్చేవాడి బాధ్యత, జమాఅత్ బాధ్యత

ఇంతవరకు అప్పు తీసుకున్నవాడితో మాట్లాడాము. ఇప్పుడు మిగిలిన మనందరి వంతు.

మీలో ఎవరికైనా ఒక సోదరుడు బాకీపడి ఉంటే అల్ బఖర సూరా 280వ ఆయత్‌ను జ్ఞాపకం చేసుకోండి. ఇబ్బందిలో ఉన్నవాడికి వీలు కలిగేవరకు గడువివ్వాలని, మాఫీ చేయడం ఇంకా శ్రేష్ఠమని అల్లాహ్ తెలుపుతున్నాడు. ఒకనాడు మస్జిదె నబవీలోనే హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) తన బాకీదారును నిలదీయగా ఇద్దరి గొంతులు పెరిగాయి. ప్రవక్త (స) తమ గది తెర తొలగించి, సగం తగ్గించమని కఅబ్‌కు సైగ చేశారు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు ప్రవక్త (స) బాకీదారు వైపు తిరిగి, లేచి మిగిలినది కట్టమన్నారు. న్యాయం ఎంత సూటిగా ఉందో చూడండి. ఇచ్చినవాడు సగం వదిలాడు, తీసుకున్నవాడు ఆ క్షణమే లేచాడు. మన రాజీలన్నిటికీ ఇదే నమూనా.

జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలలో అప్పుల్లో కూరుకుపోయినవారు ఒకరని అత్ తౌబా సూరా 60వ ఆయత్ స్పష్టంగా పేర్కొన్నది. రమజాన్‌లో చీరలు, బియ్యం పంచి సంతృప్తి పడుతున్నాం. అవి మంచివే. కాని నిత్యావసరాలు పోగా తీర్చే దారి లేని ఒక్క కుటుంబపు బాకీకి కొంత జకాత్ చేరితే ఆ ఇంటి మగవాడు తిరిగి తలెత్తి సఫ్‌లో నిలబడతాడు. ఎవరు అర్హులో పరిశీలించి, పేరు బయటపెట్టకుండా, సొమ్ము సరైన చోటికి చేర్చే బాధ్యత మసీదు కమిటీలది.

అంతేకాదు. దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండ్ 1961 నుంచి, హైదరాబాదులో తూర్ బైతుల్ మాల్ ఎన్నో ఏళ్ళుగా బంగారం తాకట్టుపై వడ్డీ లేకుండా రుణాలిస్తున్నాయి. వారు ఆకాశం నుంచి దిగినవారు కాదు. పది మంది పదేసి రూపాయలు చేర్చి, లెక్క వ్రాసి, నమ్మకం నిలబెట్టినవారు. మన డెల్టాలో ధాన్యం వ్యాపారులున్నారు, చెరువుల యజమానులున్నారు, గల్ఫ్‌లో స్థిరపడిన సోదరులున్నారు. ప్రతి పెద్ద మసీదుకు ఒక ఖర్జె హసనా నిధి ఉంటే, మూడు నెలల వాయిదాకు సరిపడే వడ్డీలేని సొమ్ము సకాలంలో అందితే, ఎన్ని ఇళ్ళు వేలం దాకా పోకుండా ఆగిపోతాయో ఆలోచించండి. బుంగ పడిన రాత్రి ఇసుక బస్తా ఎక్కడినుంచి రావాలి? పక్కింటి నుంచే కదా!

ఇక అప్పు ఇంకా తీసుకోని యువకులకు ఒక్క మాట. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని పెద్దలు ఊరకే అనలేదు. పక్కవాడు రెండంతస్తులు వేశాడని మనం మూడు వేయనక్కరలేదు. ముందు రెండు గదులు వేసుకుందాం. చేతిలో ఉన్నంతలో కడదాం. ఒకరి అప్పుకు జామీను సంతకం పెట్టేముందు, అతడు కట్టకపోతే మనమే కట్టాలన్న సంగతి గుర్తుంచుకుందాం.

సోదరులారా! ఈ సమావేశంలో ఎవరి బీరువాలో విప్పని కవరు ఉన్నదో మాకు తెలియదు, అల్లాహ్‌కు తెలుసు. ఈ రోజు ఇంటికి వెళ్ళి దానిని విప్పండి. అసర్ తరువాత మేము మసీదులోనే ఉంటాము. చదవడం రాకపోతే తీసుకురండి, కూర్చొని చదువుదాం. ఎవరి పేరూ ఎక్కడా పలకబడదు.

ఓ అల్లాహ్! మా సోదరుల అప్పుల భారాన్ని తేలిక చేయి. హలాల్ సంపాదనతో మమ్మల్ని హరామ్ నుంచి నిరపేక్షులను చేయి. ఇచ్చేవారి హృదయాలను మెత్తపరచు, తీసుకున్నవారి సంకల్పాన్ని సత్యవంతం చేయి. దిక్కులేక నిద్రపట్టని వారికి దారి చూపు. వడ్డీ ఊబి నుంచి మా సమాజాన్ని బయటకు తీయి. మా ఇళ్ళలో సత్యాన్ని, శాంతిని నింపు. మేము నీ సన్నిధికి చేరేనాడు ఏ దాసుని హక్కూ మా మెడపై మిగలకుండా చేయి. ఆమీన్!

వ ఆఖిరు దఅవానా అనిల్ హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్.